పసుపు కడిగిన బ్రేకులు

పాల్ ఫోన్‌లో మళ్లీ ఎర్ర గుర్తు పడింది.

"యాప్ తీసుకోనంటందక్కా. మరకుందంట," అన్నాడు గుమ్మంలో నిలబడి. ఆన్‌లైన్‌లో కొని వద్దనుకున్న సామాన్లను ఇళ్లకొచ్చి పట్టుకెళ్లడం అతని పని.

మల్లీశ్వరి అతని చేతిలోంచి బ్రేకు షూ తీసుకుని చూసింది. మరక నిజమే. పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది తనే. మిక్సీ వచ్చినా, మగ్గానికి కొత్త పలక వచ్చినా మంగళగిరిలోని ఆ ఇంట్లో ముందు పసుపు తగలాల్సిందే. బైకు సామాన్లకూ అదే చేసింది. రెండు చక్రాల బ్రేకు షూలు, చెయిను, పళ్లచక్రాలు, అంతా కలిపి ఒకటే సెట్టు. మెకానిక్ జక్కయ్య ముందు చక్రానికి బ్రేకులు బిగించి, మిగతావి మర్నాడు చూద్దామన్నాడు.

మర్నాడు పొద్దున్నే విజయవాడ వెళుతూ వారధి దిగేచోట ఆమె భర్త మార్కండేయులు బ్రేకు నొక్కాడు. షూకి అతికించిన పట్టీ ఊడి లోపల ఇరుక్కుంది. చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోయింది. వెనక కూర్చున్న మల్లీశ్వరి చీరల మూటతో సహా ఎగిరి, మూట మీదే పడింది కాబట్టి మోచెయ్యి గీరుకోవడంతో సరిపోయింది. వెనకొస్తున్న లారీ ఆమె కాళ్ల పక్కనుంచి కోసుకుంటూ పోయింది.

ఆ బైకు మీదే వాళ్ల బతుకు. పెళ్లయిన కొత్తలో ఆమె కండెలు చుట్టేది, అతను నేసేవాడు, షావుకారు చెప్పిందే ధర. మనమే అమ్ముకుందామని మొగుణ్ణి ఒప్పించి, గన్నవరం నుంచి కంకిపాడు దాకా ఇల్లిల్లూ తిరిగి బేరాలు కుదిర్చింది ఆమే. చేతికొచ్చిన రూపాయిని ఆమె జారనివ్వగా చూసినవాళ్లు లేరు. ఇప్పుడు కంకిపాడులో రామతులసిగారింట పెళ్లి చీరలకు ఎదురుచూస్తున్నారు. బైకేమో ముందు చక్రం లేకుండా పెరట్లో ఉంది. ఈ డబ్బు వెనక్కి వస్తేనే ఆటోనగర్‌లో వేరే సామాను కొనగలరు.

'పాడైంది' అని పెట్టిన మొదటి ఫిర్యాదును, వాడిన వస్తువంటూ కంపెనీ కొట్టేసింది. పాల్ సలహా మీద ఈసారి 'నచ్చలేదు' అని పెట్టింది. నచ్చలేదంటే వస్తువు కొత్తదానిలా ఉండాలి. గడువు ఇవాళే ఆఖరు.

"కడుగు మరి," అన్నాడు మార్కండేయులు మగ్గం గుంటలోంచి. "నీ భక్తి పెట్రోలుకైతే వదులుద్ది."

"నువ్వు నోర్మూసుకుని నెయ్యి. ఆ బ్రేకు నొక్కింది ఎవరు?"

"నొక్కకపోతే కృష్ణలో ఉండేవాళ్లం!"

ఆమె సీసాలో ఇంత పెట్రోలు పట్టుకొచ్చి, పాత బ్రష్షుతో గబగబా రుద్దింది. కుంకుమ తొందరగానే పోయింది. పసుపు మొండికేసి, చివరికి వదిలింది.

పాల్ గడియారం చూసుకున్నాడు. "ఇంకా నాలుగిళ్లున్నాయక్కా. ఆ ఊడిన పట్టీ కూడా కనబడకూడదు. చెప్పులకేసే జిగురుంటే ఓ చుక్కెయ్యి, ఫొటోలో తెలవదు."

జిగురు వేసి, పట్టీ ఆనించి, రెండు బొటనవేళ్లతో బిగబట్టింది. పాల్ ఫొటో తీశాడు. ఫోన్‌లో చక్రం తిరుగుతూనే ఉంది. మగ్గం చప్పుడు కూడా ఆగిపోయింది.

ఆకుపచ్చ టిక్కు పడింది.

"హమ్మయ్య!" అన్నాడు మార్కండేయులు. పాల్ సెట్టంతా కవరులో వేసి అంటించాడు. రెండు రోజుల్లో డబ్బు జమవుతుందని మల్లీశ్వరి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఆమె దాన్ని రెండుసార్లు చదువుకుంది.

"వీటిని తీసికెళ్లి కరిగిస్తారా తమ్ముడూ?"

"కరిగించడమెందుకక్కా, కొత్తగానే ఉన్నాయిగా? కొత్త స్టిక్కరేసి ఇంకోళ్లకి పంపుతారు," అంటూ పాల్ బండి స్టార్ట్ చేశాడు.

మల్లీశ్వరి బండి వెనక క్యారియర్ పట్టుకుంది. బండి కదల్లేదు.

"ఇటియ్యి."

"అదేందక్కా! టిక్కు పడిందిగా!"

"క్యాన్సిల్ కొట్టు."

"కొడితే మళ్లీ పెట్టటం కుదరదు. నాకూ ఈ పికప్పు డబ్బులు పోతాయి."

మార్కండేయులు గుంటలోంచి లేచి వచ్చాడు. "పిచ్చి పట్టిందా నీకు? వచ్చే డబ్బుని కాలదంతావా? ఎవరో ఏమైపోతే మనకెందుకే?"

"మూట ఉంది గాబట్టి బతికొచ్చి మాట్లాడుతున్నా. ఇంకోడి పెళ్లాం వెనకాల ఏం పెట్టుకుని కూర్చుంటది? జిగురేసింది నేను. ఆ లారీ నీకు కనబళ్లేదేమో, నాకు కనబడింది."

పాల్ విసుగ్గా ఫోన్ తీశాడు.

"కారణం చెప్పమంటంది."

"బ్రేకు మంచిది కాదని ఉందా అందులో?"

"లేదు."

"అయితే నీకేది తోస్తే అది నొక్కు."

అతను ఏదో నొక్కి, కవరు ఆమె చేతిలో పడేసి, "మళ్లీ నన్ను పిలవమాక అక్కా," అని వెళ్లిపోయాడు.

ఆమె కవరు చింపి, బ్రేకు షూని రోటి పక్క బండ మీద పెట్టి సుత్తితో కొట్టింది. జిగురు పట్టీ మొదటి దెబ్బకే ఊడి అవతల పడింది. రెండో షూ పట్టీ కూడా అంతే.

"రేపు మూటతో బస్సులో పోతా," అంది ఆయాసపడుతూ. "రామతులసిగారి దగ్గర కొంత అడ్వాన్సు అడుగుతా."

"చెయినైనా ఉంచవే," అన్నాడు మార్కండేయులు మెల్లిగా. "అది బానే ఉందిగా."

"నువ్వు బిగించుకుని తిరుగుతానంటే ఉంచుతా. నేను మాత్రం ఎక్కను."

అతను చెయిన్ని చేతిలో వేలాడదీసుకుని కొంతసేపు అటూఇటూ తిప్పి చూశాడు. తర్వాత దాన్ని తీసుకెళ్లి పాత ఇనుము గోనెలో వేశాడు.