మోకా వైపు తలుపు

ఒడాలిస్ పెగెరోకి కుదురుగా కూర్చోవడం చేతకాదు. ఇరవై రెండేళ్లప్పుడు శాంతియాగోలో టెలిఫోను స్తంభాలెక్కి తీగలు బిగించేది. నడుం పట్టేశాక కంప్యూటర్ల నెట్‌వర్కు పని నేర్చుకుంది. యాభై ఒకటో ఏట శాంతియాగో, మోకా ఊళ్లలోని రెండు ఆసుపత్రుల ఉమ్మడి రక్తనిధి డేటాబేసు చూసుకునే ఉద్యోగంలో చేరింది.

చేరిన మూడో రోజు నుంచే తిండి సహించలేదు. డేటాబేసు క్లౌడ్‌లో ఉంది, దాన్ని నడిపేది క్లౌడ్ కంపెనీయే. దానికి దారి మాత్రం ఇంటర్నెట్ నడివీధిలోంచి. ఎవరైనా వచ్చి తలుపు తట్టొచ్చు. అడ్డం ఉన్నది ఒక్క పాస్‌వర్డు.

డైరెక్టర్ లిసాంద్రోకి చెబితే నవ్వేశాడు. "రెండేళ్లుగా ఈగ కూడా వాలలేదు ఒడాలిస్ గారూ. మీరే దడుచుకుంటున్నారు."

"నాతో ఒకసారి కాఫీకి రండి."

ఎదురు వీధి కాఫీ బండి దగ్గర ల్యాప్‌టాప్ తెరిచి, తన సెల్‌ఫోను ఇంటర్నెట్ మీదే డేటాబేసుని పిలిచింది. అది వెంటనే పలికి పాస్‌వర్డు అడిగింది.

"మనం ఆసుపత్రిలో ఉన్నామనుకుంటోందా ఇది?" అన్నాడు లిసాంద్రో.

"ఎక్కడున్నామో దానికి అక్కర్లేదండీ. నా బాధ అదే."

అతను కాఫీ సగంలో వదిలేశాడు. "ఎన్నాళ్లు కావాలి మీకు?"

రెండు ఆసుపత్రుల నెట్‌వర్కులనీ కలిపేద్దామంటే, రెండింటి లోపలి చిరునామాలూ ఒకే అంకెలు. పక్కపక్క వీధులకి ఒకే ఇంటి నంబర్లు ఇచ్చినట్టు. కలిపితే ఏ కబురు ఎటు పోతుందో తెలీదు. అందుకని వేటిని వాటిగానే ఉంచి, ఒక్కోదాని లోపల డేటాబేసుకి ఓ సొంత తలుపు పెట్టింది. ఆసుపత్రులు ఒకదానికొకటి కనబడవు, డేటాబేసు మాత్రం రెండింటికీ అందుతుంది. ఇక ఇంటర్నెట్ వైపున్న వీధి తలుపుతో పనిలేదు.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి వీధి తలుపు మూసేసింది. శాంతియాగోలో అంతా సవ్యంగానే ఉంది. తొమ్మిదింబావుకి మోకా రక్తనిధి నర్సు ఎల్విరా ఫోను చేసింది.

"అక్కా, ఏం చేశావే? తెర మీద ఏమీ రావట్లేదు. కాన్పు గదిలో ఒకావిడకి రక్తం ఆగట్లేదు. ఓ నెగెటివ్ రక్తం ఎక్కడుందో చెప్పు."

ఒడాలిస్ నిల్వల పేజీ తెరిచింది. "నా తెర మీద కనబడుతోంది, విను. మీ దగ్గర రెండు సంచులు, రెండో ఫ్రిజ్, కింది అర. ఇక్కడ శాంతియాగోలో నాలుగున్నాయి."

"నాలుగూ పంపించు."

రెండో ఫోనులో అంబులెన్సు వాళ్లకి చెప్పింది. వెనక లిసాంద్రో నిలబడి ఉన్నాడు. "వీధి తలుపు తెరిచెయ్యండి. తర్వాత చూసుకుందాం."

"తెరిస్తే మళ్లీ మూయనివ్వరు మీరు."

"అక్కడ మనిషి ప్రాణమండీ!"

"ఆవిడకి కావలసింది చదివి చెప్పాను, బండీ బయల్దేరుతోంది. పది నిమిషాలివ్వండి. కుదరకపోతే నేనే తెరుస్తా."

నిలబడే కీబోర్డు అందుకుంది. "ఎల్విరా, ఎవరినైనా కంప్యూటర్లో డేటాబేసు పేరు కొట్టి చూడమను. ఏ అంకెలొచ్చాయి?"

ఎల్విరా ఒక్కొక్క అంకే చదివింది. పాత చిరునామా, వీధి తలుపుదే. మోకాలో కొత్త తలుపు ఉంది గానీ అది ఉందని అక్కడి కంప్యూటర్లకి తెలీదు. పేరు అడిగితే చిరునామా చెప్పే జాబితాని శాంతియాగోకి జతచేసి, మోకాకి జతచెయ్యడం మరిచిపోయారు. మరిచిపోయింది ఇంకెవరో కాదు, తనే.

ఏడో నిమిషంలో జతచేసింది. "మళ్లీ కొట్టించు."

"అంకెలు మారాయి. ఆఁ, వచ్చింది అక్కా. నాలుగు సంచులూ దారిలో ఉన్నట్టు చూపిస్తోంది."

మధ్యాహ్నానికి ఆ తల్లికి గండం గడిచిందని కబురొచ్చింది. ఆడపిల్లట. ఒడాలిస్ అప్పటికే నివేదిక రాస్తోంది: మూసేముందు మోకాలో పరీక్షించలేదు, తప్పు నాది.

"ఆ ముక్క తీసెయ్యండి, ఎవరడిగారు?" అన్నాడు లిసాంద్రో.

"ఉండనివ్వండి. రేపు ఈ పని ఇంకొకరు చేస్తారు, వాళ్లకి తెలియాలి."

సోమవారం బస్సెక్కి మోకా వెళ్లింది. ఎల్విరా ఆమెని ఎగాదిగా చూసింది. "ఈసారి తలుపు మూసేటప్పుడు లోపల మనుషులున్నారేమో చూసుకో తల్లీ."

"చూసుకుంటా. రోజూ పొద్దున రక్తం సంచుల లెక్క కాగితం మీద కూడా తీసిపెట్టుకో. నన్ను నమ్ముకోకు."

"పిల్లని చూస్తావా?"

"ఇంకా ఐదు కంప్యూటర్లున్నాయి."

ఒక్కోదాని ముందూ నిలబడి పేరు కొట్టి, అంకెలు సరిచూసుకుంది. చివరిదీ అయ్యేసరికి వార్డులోకి బయటివాళ్లని రానిచ్చే వేళ దాటిపోయింది. తలుపు అద్దంలోంచి తొంగి చూస్తే తల్లి పక్కకి తిరిగి నిద్రపోతోంది. ఊయల అటు తిరిగి ఉంది, పిల్ల కనబడలేదు. కాసేపు అక్కడే తచ్చాడి, బస్సు టైమైందని వెళ్లిపోయింది.