చేపల గంపలో వచ్చిన సీసా

మొన్న మా అక్క మనవరాలు, ఒకప్పటి నాలాగే నెల్లూరులో ఒక ల్యాబులో పనిచేస్తున్న పిల్ల, బార్‌కోడు అంటించిన చిన్న చలిపెట్టెను ఫోనులో చూపించి, పల్లెల్లో రోగుల ఛాతీలోంచి తీసిన నీళ్లు ఇప్పుడు ఇందులోనే భద్రంగా వస్తాయని గొప్పగా చెబుతుంటే నాకు నవ్వు ఆగలేదు. ఎందుకు నవ్వానో ఆ పిల్లకు చెప్పినదే మీకూ చెబుతాను.

నేను ల్యాబులో చేరిన కొత్తల్లో, ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీటిని చిన్న ఆసుపత్రుల్లో సూదితో తీసి, సీసాలో పోసి, రోగి తాలూకు మనిషి చేతికిచ్చి బస్సెక్కించేవారు. టానిక్కు సీసాలు, ఆవకాయ వాసన ఇంకా వదలని సీసాలు, అన్నీ చూశాను. శుభ్రం దగ్గర నాకు కోపం ముక్కు మీదే ఉండేది కనుక తెచ్చినవాళ్లకు ముందు చీవాట్లు, తర్వాతే కూర్చోమనడం.

మైపాడు నుంచి చేపలమ్ముకునే ఒకామె వచ్చేది. ఆమె భర్త వయసులో ఉండగా ఏళ్ల తరబడి ఓడల మరమ్మతు పనిలో వేడి గొట్టాలకు ఆస్బెస్టాస్ చుట్టి, ఆ తర్వాత ఊరికొచ్చి సముద్రం మీద చేపల వేటకు పోతున్న మనిషి. ఛాతీలో నీరు తీసినకొద్దీ ఊరుతుంటే క్షయ అనుకుని నెలల తరబడి మాత్రలు మింగించారు. వాటికి అన్నం సహించక చిక్కి పుల్లయిపోయాడు. మా ల్యాబు డాక్టరమ్మగారికి మాత్రం ఇది ఆ ఆస్బెస్టాస్ ధూళి వల్ల ఊపిరితిత్తుల పైపొరకు పట్టి వేగంగా ముదిరే అరుదైన క్యాన్సరేమోనని అనుమానం. తేల్చుదామంటే, రెండుసార్లు వచ్చిన నీళ్లూ ఎండలో బస్సు ప్రయాణం చేసి, కణాలు చితికిపోయి, మైక్రోస్కోపు కింద ఏమీ తెలియనివ్వలేదు. మూడోసారే ఆఖరు, ఆ తర్వాత ఇక సూది పొడిపించుకోనని ఆయన మొండికేశాడు.

ఆ మూడోసారి ఆమె చేపల గంపతో సహా లోపలికి వచ్చేసింది. ఐసు ముక్కల మధ్య, చందువా చేపల పక్కన, మూతకు పాలిథిన్ కాగితం బిగించి కట్టిన సీసా! వాసనకు నాకు ఒళ్లు మండి, ఇది ల్యాబా చేపల మార్కెట్టా అని నలుగురిలో అరిచేశాను. ఆమె తొణకలేదు.

"ఎండకు చేపే చెడిపోద్ది గదమ్మా, మా ఆయన నీళ్లు చెడిపోవా? అందుకే ఐసులో పెట్టి తెచ్చినా" అంది.

నిజానికి ఆ మాట మేం చెప్పాల్సింది. చదువుకున్నవాళ్లం అంతమందిమి ఉండి ఒక్కరమూ చెప్పలేదు.

కణాలు గుత్తులు గుత్తులుగా నిక్షేపంలా ఉన్నాయి. సీసా అడుగున చేరిన మడ్డిని మైనంలో అచ్చుపోసి, పలుచగా కోసి, చెన్నైకి పంపి ప్రత్యేకమైన రంగులు వేయించాక డాక్టరమ్మగారి అనుమానమే నిజమైంది. సంతోషించే వార్త కాదు. అయినా ఆ క్షయ మాత్రలు ఆగాయి, సరైన మందులు పడ్డాయి, ఆయన మళ్లీ భార్య చేతి పులుసు అడిగి తిన్నాడు, ఏడాదికి పైగా ఒడ్డున కూర్చుని వలలు బాగుచేస్తూ అందరినీ ఆటపట్టించాడు. ఆయన పోయాక ఆమే వచ్చి ఇదంతా చెప్పింది. ఆనాడు తిట్టినందుకు నేను నొచ్చుకోబోతే, "అరిస్తే అరిచినావులే, సీసా పారబొయ్యలేదు గదా" అని నా సంచిలో రెండు చేపలు పడేసి పోయింది.

ఇప్పుడు నీళ్లు పాడవడం తక్కువ, జబ్బు తొందరగా బయటపడుతోంది, అందుకు నాకు నిజంగానే ఆనందం. ఆ నీళ్లు ఎవరివో ఎప్పుడైనా చూశావా అని మా పిల్లను అడిగితే, లేదు, మా ల్యాబులో ఎవరూ ఎవరినీ తిట్టరు కూడా అంది. నిజమే. తిట్టడానికైనా, తప్పు దిద్దుకోవడానికైనా ఎదురుగా మనిషంటూ ఉండాలి కదా.