మౌస్ కలవకపోతే సుగుణ మేడం దోషమా?

మీ ఆఫీసులో ఆయుధపూజ నాడు కంప్యూటర్లకు బొట్టు పెట్టే పళ్లెం ఎవరి చేతికి ఇస్తారు? ఎవరి చేతికి ఇవ్వరు? రెండో ప్రశ్నకు జవాబు మీకు తెలుసు. తెలిసే, నోరు మూసుకుని ప్రసాదం తీసుకుని ఎవరి సీటుకు వాళ్లు వెళ్తారు. ఒకప్పుడు నేనూ అలాగే వెళ్లాను కనక అడుగుతున్నాను. ఈ ఉదయం మా కింది అంతస్తులోని ఆఫీసు నుంచి కర్పూరం వాసన మెట్ల మీదుగా పైకి వచ్చింది. రాస్తున్న వాక్యం సగంలో ఆగిపోయింది. ఆ వాసనకు కొందరికి భక్తి కలుగుతుందేమో, నాకు ఒళ్లు మండుతుంది. ఆ మంటలో సగం ఒక యజమాని మీద, మిగతా సగం నా మీద.

ఊళ్లో నలుగురు కలిస్తే సాఫ్ట్‌వేర్ తప్ప మరో మాట లేని రోజులవి. సికింద్రాబాద్ స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దూరంలో, ఒక బట్టల దుకాణం పైన, చెక్క గోడలతో విడదీసిన చిన్న కంపెనీ మాది. ఆసుపత్రుల్లో రోగుల వివరాలు భద్రపరిచే ప్రోగ్రాం తయారుచేసేవాళ్లం. అంతా విండోస్‌కు బదులు లినక్స్ మీద నడిచేది. యజమాని ప్రసాదరావు గారు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. యంత్రాలన్నిటినీ చూసుకునేది సుగుణ మేడం. సీతాఫల్‌మండిలోనే పుట్టి పెరిగిన మనిషి. భర్త పోయి రెండేళ్లయింది, ఇంటికి ఆమె జీతమే ఆధారం, ఆ ఉద్యోగమేమో ఇంకా తాత్కాలికం. నేను మల్కాజ్‌గిరి నుంచి లోకల్ రైల్లో వచ్చే కొత్త కుర్రవాణ్ణి, ఆమె కింద పని నేర్చుకుంటున్నవాణ్ణి. ఆదివారాలు ఒక గ్రంథాలయం మేడ మీద జరిగే చర్చల్లో మూఢనమ్మకాల మీద గొంతు చించుకునేవాణ్ణి. చప్పట్లు బాగానే పడేవి. అందుచేత నేను హేతువాదినని నాకు గట్టి నమ్మకం.

ఆ నమ్మకానికి మొదటి దెబ్బ చేరిన వారంలోనే తగిలింది. ప్రింటర్ పనిచెయ్యడం లేదు. “వైరస్ అయి ఉంటుంది మేడం” అన్నాను. ఆమె తల ఎత్తకుండానే, “చూసినవా?” అంది. “లేదు, అనిపించింది.” “అనిపించుడు సుత ఒక పనేనా తమ్మీ? జెర లేచి వెనకకు పోయి తీగ చూడు.” తీగ ఊడి ఉంది. ఆమె దగ్గర పొడుగాటి నోట్‌బుక్ ఒకటి ఉండేది. ఏం మార్చాం, మారిస్తే ఏమయింది, ఈ రెండు గడులే అందులో. ఏమనుకున్నామో రాసుకోవడానికి చోటు లేదు. ఒకసారికి ఒక్కటే మార్చాలి, చూడాలి, రాయాలి, తర్వాతే రెండోది. రెండు మార్పులు కలిపి చేశానంటే ఆ రోజంతా నన్ను “షహర్ మొత్తం ఒక్కసారే రిపేర్ చేసెటోడు” అని పిలిచేది.

ఆయుధపూజ నాటి మధ్యాహ్నం మూడు గంటలకు ఒక పెద్ద ఆసుపత్రి వాళ్లు మా ప్రోగ్రాం చూడటానికి రావలసి ఉంది. సుగుణ మేడం వాళ్లకు చూపించాలి. అది కుదిరితే ఆమె ఉద్యోగం ఖాయమని, ఉత్తరం టైపు చేయించి సొరుగులో పెట్టానని ప్రసాదరావు గారే చెప్పారు. తెర పక్కన నిలబడి చూపించడానికి వీలుగా తీగ లేని బ్లూటూత్ మౌస్ ఒకటి కొన్నారు. అలాంటిదాన్ని మాలో ఎవరం అంతకుముందు ముట్టుకోలేదు. పొద్దున ప్రసాదరావు గారి గదిలో పూజ అయ్యాక పళ్లెం బయటికి వచ్చింది. ఎవరి కంప్యూటర్‌కు వాళ్లు బొట్టు పెట్టుకుంటున్నారు. పళ్లెం నా దగ్గరికి వచ్చింది, నా పక్కనున్న సుగుణ మేడాన్ని దాటి అవతలికి వెళ్లిపోయింది. ఆ యంత్రాలను ఏడాది పొడుగునా నిలబెట్టిన చేతులు వాటికి బొట్టు పెట్టడానికి పనికిరాలేదు. ఆమె కీబోర్డు దగ్గరికి జరుపుకుంది. నేను ప్రసాదం తీసుకుని నా సీట్లో కూర్చున్నాను.

తర్వాత ప్రసాదరావు గారు మౌస్ తెచ్చి ఆమెకిచ్చారు. “కొత్త సామానమ్మా, ఇప్పుడే పూజ చేసేను. కలిపీండి.” ఆమె గంటసేపు ప్రయత్నించింది. లినక్స్ యంత్రం ఎంత వెతికినా జాబితాలో మౌస్ పేరు రాలేదు. పన్నెండు దాటాక ఆయన మళ్లీ వచ్చారు. మొహం మాడ్చుకుని ఉన్నారు. “ఇక్కడా కుదర్లేదా? పొద్దున్నించీ నా ల్యాప్‌టాపూ బాగోలేదు. తెర మీద బాణం దానంతటదే తిరుగుతోంది. నిమ్మకాయ కూడా పెట్టేను దాని పక్కన. మీరేటీ అనుకోకండి గానీ అమ్మా, ఇలాంటి రోజున కొత్త వస్తువు మీ చేతిలో పెట్టడం నాదే తప్పు. మీరు లోపలి గదిలో కూర్చోండి. చూపించే పని ఇంకెవరైనా చూస్తారు.”

ఆయన వెనక్కి తిరిగారో లేదో నా రక్తం ఉడికిపోయింది. ఆమె కంప్యూటర్ వెనక ఎర్రదారంతో కట్టిన రాగి రేకు కనిపించింది, ఏవో గళ్లు, అక్షరాలు చెక్కిన పూజా రేకు. దాని కిందే మౌస్ సంకేతాలను అందుకునే బొటనవేలంత పరికరం ఉంది. లోహం తరంగాలను అడ్డుకుంటుందని చదువుకున్నవాణ్ణి కదా! “ఇదిగో దోషం! మీ మూఢనమ్మకమే దోషం!” అని అరిచి రేకును దారంతో సహా పీకి బల్ల మీద కొట్టాను. ఆఫీసంతా తలలు తిప్పింది. ఆమె మళ్లీ వెతికింది. మౌస్ రాలేదు. ప్రసాదరావు గారు నన్నేమీ అనలేదు. ఆమె వైపు తిరిగి, “కుర్రోడికి ఇయ్యన్నీ నేర్పిస్తున్నది మీరేనా?” అన్నారు. ఆమె మీద ఒక్క మాట పడి ఉంటే, నా ఆవేశంతో రెండోది తెచ్చి వేశాను.

ఆయన గదిలోకి వెళ్లిపోయాక ఆమె రేకును తీసి పక్కన పెట్టింది. “ఆయన నా చెయ్యన్నడు. నువ్వు రాగి రేకన్నవు. ఇద్దర్ల ఎవ్వలన్న చూసి చెప్పిన్రా? ఏంది మరి ఫరక్?” టైమ్ గడిచిపోతోందని, “తీగ మౌస్ పెట్టేద్దాం మేడం, పని గడుస్తుంది” అన్నాను. ఆమె నోట్‌బుక్ తెరిచింది. “పెడితే పనైతది. నా మీద పడ్డ మాట పోతదా?”

అప్పుడు మొదలుపెట్టింది, ఒక్కొక్కటిగా. యంత్రం తన పరికరాన్ని గుర్తిస్తోందా? గుర్తిస్తోంది. అది వేరేవాటిని పట్టుకోగలదా? తన ఫోన్ బల్ల మీద పెట్టి వెతికింది, ఫోన్ పేరు వెంటనే వచ్చింది. అంటే లోపం యంత్రంలో లేదు. మౌస్‌కు కొత్త బ్యాటరీలు వేసింది, అడుగున దీపం నిలకడగా వెలిగింది. ఆ దీపాన్ని చూస్తూ కాసేపు పెన్ను ఆపింది. “ఇది దిక్కులేక లేదు తమ్మీ, దిక్కు వెతుకుతుంటే దీపం మిణుకుమిణుకుమనేది. ఎవ్వలతోనో ముందే కలిసి ఉన్నది. పో, సార్ గది కాడ నిలబడు. బాణం చూసి చెప్పు.” వెళ్లాను. ఆమె బల్ల మీద మౌస్‌ను గుండ్రంగా తిప్పింది. చెక్క గోడకు ఇవతల, నిమ్మకాయ పక్కన, ప్రసాదరావు గారి ల్యాప్‌టాప్ తెర మీద బాణం గుండ్రంగా తిరిగింది. ఆయన కుర్చీ వెనక్కి జరుపుకున్నారు. “ఆపిన, ఆగిందా?” “ఆగింది మేడం.” “మళ్ల?” “తిరిగింది!” మౌస్ స్విచ్ ఆపేసి తిప్పితే బాణం కదల్లేదు. మూడుసార్లు అలా చూశాకే రాసుకుంది.

అడిగితే ఆయన తేలిగ్గా చెప్పారు: “ముహూర్తం దాటిపోద్దని ముందు నా ల్యాప్‌టాప్‌కి కలిపి ఒక్క నొక్కు నొక్కేనమ్మా. అదీ చెప్పాలేటి?” అదీ సంగతి. అలాంటి మౌస్ మొదట ఏ యంత్రంతో కలిసిందో దాన్నే గుర్తుపెట్టుకుంటుంది, మేలుకున్న ప్రతిసారీ అక్కడికే పోతుంది, పక్కనున్నది ఎంత పిలిచినా పలకదు. మౌస్ పెట్టెలోని కాగితం కొబ్బరిచిప్పల కింద తడిసి దొరికింది. అందులో ఉన్నట్టే ఆమె ల్యాప్‌టాప్ నుంచి మౌస్‌ను విడదీసి, దాని అడుగునున్న బొత్తాన్ని నొక్కి పట్టుకుంది. లినక్స్ జాబితాలో పేరు వచ్చింది. తెర మీద బాణం కదిలింది. రెండున్నర అయింది.

ఇక్కడితో కథ సుఖాంతమని అనుకుంటున్నారా? రుజువు చూస్తే మనుషులు మారతారని నేనూ అప్పటిదాకా అనుకున్నాను. ప్రసాదరావు గారు నవ్వారు. “సరే సరే, కుదిరింది గదా. బాబూ, ఈ పూటకి నువ్వు చూపించెయ్. మంచి రోజు, మళ్లీ ఏటో ఒకటి ఎందుకు?” మౌస్ నా చేతిలో పెట్టారు. నేను పుచ్చుకున్నాను. ఆదివారం సభలో గొంతు చించుకునేవాణ్ణి, రాగి రేకు మీద వీరంగం వేసినవాణ్ణి, మనిషి ఎదురుగా నిలబడేసరికి తలాడించాను. సుగుణ మేడం నోట్‌బుక్ తీసుకుని లోపలి గదిలోకి నడిచింది. ఆసుపత్రి వాళ్లు మెచ్చుకున్నారు. వారం తిరగకుండా ఉద్యోగం ఖాయమైన ఉత్తరం వచ్చింది, నా పేరు మీద.

ఆ సాయంత్రం మెట్ల మీద ఆమెను ఆపాను. “ఊరుకోను మేడం. వచ్చే ఆదివారం సభలో ఈ అన్యాయం అంతా చెప్తాను.” ఆమె కోపగించుకోలేదు. కోపగించుకుంటే బాగుండేది. “చెప్పు, మంచిగ చెప్తవు. గాని ఆయన ఆడ ఉండడు కద తమ్మీ. నేను సుత ఉండ. ఇయ్యాల ఇద్దరం నీ ముంగటనే ఉన్నం.” అంతే అని, బస్సు అందుకోవడానికి గబగబా దిగిపోయింది. మరో నెలకు ఉద్యోగం మానేసింది. తర్వాత ఎక్కడ చేరిందో నాకు తెలియదు. వెతకలేదు కూడా, వెతికితే ఆ మొహం చూడాలి.

చూడకుండా ఏదీ రాయకూడదన్న పట్టుదల నాకు ఆమె పెట్టిందే. నా వ్యాసాల్లో నేను పరీక్షించని మాట ఏదైనా ఉంటే ఈనాటికీ కొట్టేస్తాను. కానీ అది సులువైన సగం. తప్పు ఎక్కడుందో ఆమె రెండు గంటల్లోపే కనిపెట్టింది. కనిపెట్టాక దాన్ని పైకి చెప్పవలసిన మనిషిని నేను, చెప్పలేదు. మీ చదువులు, మీ యంత్రాలు చూసి మురిసిపోకండి. ఒక మౌస్‌కు నాలుగు పరీక్షలు పెట్టే చోట, ఒక మనిషిని దోషి అనడానికి ఒక్క పరీక్ష కూడా అక్కర్లేకపోయింది. రేపు మీ కళ్లెదుట ఎవరైనా ఒక స్త్రీ చేతిని, పాదాన్ని, నుదుటిని దోషమంటే, అన్న మనిషి అక్కడ నిలబడి ఉండగానే, అందరికీ వినిపించేలా “ఏం చూసి అన్నారు?” అని అడగండి. ఆమె చేతిలోంచి లాక్కున్న పని మీ చేతిలో పెడితే, తీసుకోకండి.