తవ్వకి గిద్దెడు తక్కువ

నాకు నోరెక్కువని పుట్టింట్లోనే పేరు. అత్తింటికి వచ్చాక ఆ నోటికి తగిన పని దొరికింది: మా మావగారితో వాదించడం. అత్తగారు లేని ఇల్లు మాది. నేను కాపరానికి వచ్చేసరికే ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. ఉన్నది మావగారు, మా ఆయన, నేను. గోదావరి మీద రైలు వంతెనకి స్తంభాలు లేపుతున్న రోజులవి. అయినా మా వైపు సరుకంతా ఇంకా కాలవల మీదే నడిచేది. మావగారు పడవ సరంగు. ధవళేశ్వరం నుంచి కాకినాడ దాకా బియ్యం బస్తాలు మోసే పడవకి ఆయనే పెద్ద. మా ఇల్లు ఆ దారిలో, లాకుల పక్కన ఉండేది.

ఆయన గురించి రెండు సంగతులు ముందు చెప్పాలి. ఒకటి, ఆయన పడవలో సరుకు తరుగు పోయేది కాదు. దారిలో బస్తాకి చిన్న చిల్లు పెట్టి గుప్పెడు గుప్పెడు తీసుకునేవాళ్ళుండేవారు. అవతల దింపి తూకం వేస్తే ఆ మేరకు తక్కువ వచ్చేది. దాన్నే తరుగు అంటారు. మావగారి మాట ఒకటే: "ఎక్కినంతా దిగాలి." ఆయన పడవ వచ్చిందంటే కాటా బయటికి తియ్యక్కర్లేదని కొట్లవాళ్ళే అనేవారు.

రెండోది పడవలో అన్నం కొలత. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ పడవని తాడుతో లాగాలి. తాడు లాగినవాడికి రోజుకి మానెడు బియ్యం. చుక్కాని పట్టుకుని కూర్చున్నవాడికి అందులో సగం, తవ్వెడు. జ్వరమొచ్చో కాలు బెణికో పడుకున్నవాడికి అందులోనూ సగం, సోలెడు. "కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి" అనేవారు మావగారు. ఆ కొలతకి ఆయనతో సహా ఎవరికీ మినహాయింపు లేదు. చుక్కాని పట్టిన రోజున సరంగే అయినా తవ్వెడే తినేవారు.

ఆ వేసవిలో కాలవలకి నీళ్ళు కట్టేసినప్పుడు పడవని గట్టు మీదికి లాగి, దుంగల మీద నిలబెట్టి తారు పూస్తున్నారు. ఒక దుంగ జారింది. మావగారి కుడికాలు మోకాలి కింద విరిగింది. డిస్పెన్సరీ నుంచి డాక్టరుగారు వచ్చి బద్దలు పెట్టి కట్టు కట్టారు. మూడు నెలలు మంచం దిగకూడదన్నారు. మంచం వసారాలో వేశాం, పెరడూ కాలవా రెండూ కనబడేలా.

ఆ మర్నాడు నేను బియ్యం కొలుస్తుంటే మంచం మీంచి కేక వచ్చింది.

"అమ్మాయ్! నాకెంత పోస్తున్నావ్?"

"మానెడండీ."

"తియ్. ఎవడి తాడు లాగానని మానెడు? సోలెడు పొయ్యి. అంచుకి సమంగా చెయ్యి. గోపురం పెట్టకు."

"ఎముక విరిగిన మనిషి అంత తక్కువ తింటే ఎలాగండీ?"

"తిండికి తిమ్మరాజు, పనికి పోతరాజు అనిపించుకోమంటావా ఈ వయసులో?"

మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు కదా. పోనీ దొంగతనంగా ఒక గుప్పెడు ఎక్కువేసి వండితే, కంచంలో అన్నం చూసి కనిపెట్టేసేవారు. నలభై ఏళ్ళు పది మందికి అన్నం కొలిచిన చెయ్యి! ఎక్కువైన ముద్ద పక్కన పెట్టి, "ఇది కాకులకి వెయ్యమ్మా" అనేవారు, కోపం లేకుండానే. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయేది. లోపలికొచ్చి గిన్నెలు గట్టిగా పెట్టేదాన్ని.

మూడో వారం డాక్టరుగారు కట్టు చూడటానికి వచ్చారు. మావగారి జబ్బ పట్టుకుని చూసి, నా వంక చూశారు.

"ఏం పెడుతున్నావమ్మా ఈయనకి?"

నాకు సిగ్గేసింది. కోడలు కడుపు మాడుస్తోందనుకుంటారు కదా ఎవరైనా! ఉన్న సంగతంతా కక్కేశాను. ఆయన విని స్టూలు మీద కూర్చున్నారు.

"చూడండి సరంగుగారూ, మీరు పడుకున్నా లోపల గుండె పడుకోదు. ఊపిరి ఆడుతూనే ఉంటుంది, ఒళ్ళు వెచ్చగా ఉంటుంది. దానికంతా తిండి కావాలి. అది పోను మిగిలితేనే ఎముక అతికేది. ఇలాగే ఉంటే ఈ కాలు అతకదు. మీరు మళ్ళీ పడవెక్కరు. ఇంకా తీసిపోతే మనిషే దక్కకపోవచ్చు. విదేశాల్లో మనిషిని ఒక గదిలో ఊరికే పడుకోబెట్టి, పీల్చిన గాలీ వదిలిన గాలీ కొలిచి, ఎంత ఖర్చవుతోందో లెక్క కడుతున్నారు."

మావగారు పకపకా నవ్వారు. "గాలిని ఏ కాటాలో వేస్తారండీ? నా ఒంట్లోంచి ఏమీ పోలేదు. ఉన్నవాణ్ణి ఉన్నట్టే ఉన్నాను. కావాలంటే తూచి చూసుకోండి!"

ఆ మాట ఆయన నోటి వెంట వచ్చిందే చాలనుకున్నాను. డాక్టరుగారు గుమ్మం దాటగానే మా ఆయన్ని కొట్టు దగ్గరికి తరిమాను.

లాకుల దగ్గర బియ్యం కొట్టుకి బస్తాలు తూచే పెద్ద కాటా ఉండేది. దూలానికి వేలాడే ఇనుప కాడి, రెండు పక్కలా గొలుసులు. మా ఆయనా ఇంకో ముగ్గురు పడవవాళ్ళూ మావగారిని మంచంతో సహా మోసుకెళ్ళి, మంచం నాలుగు కోళ్ళకీ తాళ్ళు కట్టి ఒక పక్క వేలాడదీశారు. ఊరంతా పోగయింది. "సరంగుగారు ఎన్ని బస్తాలండీ?" అని ఒకడు. "నూకలున్నాయేమో, చెరిగి తూచండి!" అని ఇంకొకడు. మావగారు మంచం మీంచే వాళ్ళకి బదులిస్తూ, రాళ్ళు సరిగ్గా వేస్తున్నారో లేదో ఒక కంట కనిపెడుతున్నారు. మంచం బరువు తీసేస్తే నాలుగు మణుగుల మూడు వీశెలు, అంటే ముప్ఫై అయిదు వీశెలు తూగారు. పదిహేను రోజులు ఆయన చెప్పినంతే పెట్టి మళ్ళీ తూద్దామని పందెం వేసుకున్నాం.

పదిహేను రోజులు ఆయన కొలతే నడిచింది. రోజుకి సోలెడు. ఇంత పప్పు, ఇంత మజ్జిగ. నేను ఒక్క మెతుకు ఎక్కువ వెయ్యలేదు. ఆ పదిహేను రోజులూ నాకు అన్నం సయించలేదు. ఆయన కళ్ళ కింద గుంటలు పడుతున్నాయి. రాత్రి మంచినీళ్ళు అడిగే గొంతు సన్నబడుతోంది. ఒక్కోసారి ఈ పందెం ఎందుకు పెట్టుకున్నానా అని పెరట్లోకి పోయి ఏడ్చాను.

పదహారో రోజున మళ్ళీ అదే కాటా, అదే మంచం, అవే రాళ్ళు. కాడి మంచం వైపు వంగలేదు. రాళ్ళు తీస్తూ వచ్చారు. వీశెన్నర తగ్గింది. ఈసారి ఎవరూ హాస్యమాడలేదు.

ఇంటికి తెచ్చి ఆయన్ని వసారాలో దించాం.

"వీశెన్నర తరుగు" అన్నారు కాలవ వంక చూస్తూ. "అడుగు వెయ్యలేదు. తాడు ముట్టుకోలేదు. ఎటు పోయిందే అమ్మాయ్?"

అప్పుడు నేను పెరట్లో దాలి దగ్గర కూర్చుని ఉన్నాను. దాలి అంటే ఏమీ లేదు, చిన్న గుంటలో పిడకలు పేర్చి రాజేసి, దాని మీద పాలకుండ పెడతాం. మంట రాదు. పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా పాలు కాగుతూ ఉంటాయి, అంతే. నాకు కోపం, జాలి రెండూ ఒక్కసారే వచ్చాయి. చేతిలో పిడకతోనే వసారా ఎక్కాను.

"మావయ్యగారూ, మన దాలి ఏం వండుతోందండీ? అన్నమా, కూరా?"

"ఏమీ వండదు. పాలు వెచ్చగా ఉంచుతుంది."

"మరి పొద్దున పెట్టిన పిడకలు సాయంత్రానికి ఏమవుతున్నాయి?"

ఆయన చెయ్యి పట్టుకుని ఆయన గుండెల మీదే పెట్టాను. మావగారిని అలా ముట్టుకోవడం అదే మొదటిసారి. "ఇది వెచ్చగా ఉందా లేదా? ఊరికే ఉంటుందా వెచ్చగా? మీరు పిడకలు వెయ్యడం మానేశారు కాబట్టి ఇప్పుడు కుండే కాలుతోంది. కూర్చుని తింటే కొండలు కరుగుతాయో లేదో నాకు తెలియదు కానండీ, పడుకుని తినకపోతే మనిషి కరిగిపోతున్నాడు!"

ఆయన చెయ్యి గుండెల మీంచి తియ్యలేదు. కళ్ళు మూసుకున్నారు. నేను గెలిచాననుకున్నాను. ఆ సాయంత్రం సంబరంగా తవ్వెడు బియ్యం వండి, చేపల పులుసు పెట్టి, కంచం తీసుకెళ్ళాను.

ఆయన ముట్టుకోలేదు. మొహం గోడవైపు తిప్పుకుని పడుకున్నారు. మర్నాడు పొద్దున్నా తినలేదు, మధ్యాహ్నమూ తినలేదు. మా ఆయన బతిమాలాడు. డాక్టరుగారికి కబురు పెడదామన్నాడు. సోలెడైనా తినే మనిషిని నా నోటితో అదీ మాన్పించానేమోనని భయం పట్టుకుంది.

మూడో రోజు పొద్దున మజ్జిగ పట్టుకెళ్ళి మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. "నా మీద కోపమైతే తిట్టండి మావయ్యగారూ. తిండి మీద ఎందుకండీ?" అన్నాను.

"నీ మీద కోపమేంటమ్మా, పిచ్చిదానా" అన్నారు గోడవైపు తిరిగే. కాస్త ఆగి చెప్పారు. "మీ అత్త రెండున్నర నెలలు మంచాన పడి పోయింది. రోజూ సాయంత్రానికి జ్వరం వచ్చేది. నేనూ మీ ఆయనా పడవ మీద ఉండేవాళ్ళం. వెళ్ళే ముందు పక్కింటి ముసలమ్మకి బియ్యం కొలిచి ఇచ్చేవాణ్ణి, దీనికి వండి పెట్టమని. రోజుకి సోలెడు చొప్పున. పడుకున్న మనిషి కదా అని."

నేను మజ్జిగ గ్లాసు కింద పెట్టాను.

"రెండోసారి వచ్చేసరికి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. ఇంకాస్త తింటావా అన్నాను. 'నాకెందుకండీ, పనీ పాటా లేని ఒళ్ళు' అంది. నా మాటే నాకు చెప్పింది. నేను సరేనని ఊరుకున్నాను. రోజూ కాటా చూసేవాణ్ణి, ఊళ్ళో వాళ్ళ సరుకంతా తరుగు లేకుండా దింపినవాణ్ణి..."

అంటూనే ఏడ్చేశారు. అంత పెద్దమనిషి ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. ఎక్కువ పెడితే ఆవిడ బతికేదా? నాకు తెలియదు. జ్వరమే తీసుకుపోయిందేమో. ఆ మాట చెప్పి ఓదార్చవచ్చు కాని, ఆయన అబద్ధపు తూకం ఒప్పుకునే మనిషి కాదు. అందుకని నాకు నిజమని తోచిందే చెప్పాను.

"అత్తయ్యగారు నాకు తెలియదు. కాని మీ పడవలో రేపు ఇంకొకడు జ్వరంతో పడుకుంటాడు. వాడికి ఎంత పెట్టాలో మీకు తప్ప ఎవరికి తెలుస్తుంది? మీరు పోతే ఆ సోల అలాగే ఉంటుంది. ఆవిడ కోసమైనా లేవండి. అసలు కొలత ఎంతో తేలుద్దాం."

ఆయన ఇటు తిరిగారు. మజ్జిగ గ్లాసు కోసం చెయ్యి చాపారు. నేను ఏడుస్తూనే ఇచ్చాను.

అప్పణ్ణుంచి అది మా ఇద్దరి పని అయింది. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ కదా. సోలా రెండు గిద్దెలు పెట్టి వారం చూశాం. ఇంకా కొంచెం తగ్గారు. సోలా మూడు గిద్దెలు పెట్టాం. వారం తర్వాత కాడి కదల్లేదు. మళ్ళీ వారం చూశాం. కదల్లేదు. వేలాడే మంచం మీంచి మావగారు కాడి మధ్యనున్న ముల్లు వంకే చూస్తున్నారు.

"తవ్వకి గిద్దెడు తక్కువ" అన్నారు మెల్లగా. "మనిషి ఊరికే బతికి ఉండటానికే అంత కావాలన్నమాట. తాడు లాగేవాడికి పెట్టేదాంట్లో ఇంచుమించు సగం!"

ఆ మిగిలిన గిద్దెడు ఎముక కోసమని, ఆ రోజు నుంచి నిండు తవ్వెడు పెట్టాను. డాక్టరుగారు వచ్చి సంగతంతా విని, "ఆ గది కట్టినవాళ్ళు మీ కాటా చూడాలండీ" అని నవ్వారు. శ్రావణం వెళ్ళేసరికి ఎముక అతికింది. కర్రతో లేచి వసారా చివరిదాకా నడిచినప్పుడు, "పడిపోతారు, పడిపోతారు" అంటూ వెనకాలే తిరిగాను. "నీ నోటికి పడను లేవే" అన్నారు. ఆయన పోయేదాకా ఆ పడవలో మళ్ళీ సోల కనబడలేదు; జ్వరంతో పడుకున్నవాడికీ తవ్వెడే.

భాద్రపదంలో పెద్దల అమావాస్య వచ్చింది. పోయినవాళ్ళ పేరు చెప్పి వండి పెట్టే రోజు. మావగారు పీట వేయించుకుని, కాలు చాపుకుని, బియ్యం గాదె దగ్గర కూర్చున్నారు. ఏటా నేను కొలిచేదాన్ని. ఈసారి గిద్దె నా చేతిలోంచి తీసుకున్నారు. తండ్రికీ తల్లికీ మామూలుగా కొలిచారు. తర్వాత నా ముందున్న గంపలో పొయ్యడం మొదలుపెట్టారు. మూడు గిద్దెలు పోసి, ఒకటి అన్నారు. మళ్ళీ మూడు పోసి, రెండు అన్నారు. గంప సగమయింది. పెదవులు కదులుతూనే ఉన్నాయి.

"మావయ్యగారూ, ఇంత బియ్యం ఎందుకండీ?"

"రోజుకి మూడు గిద్దెలు తక్కువ పెట్టానమ్మా మీ అత్తకి. డెబ్భై అయిదు రోజులు." తల ఎత్తకుండానే ఇంకో గిద్దె ముంచారు. "ఎక్కినంతా దిగాలి."

గంప నిండింది. నేను లోపలికి వెళ్ళి ఇంకో గంప తెచ్చాను.