లచ్చన్న శుక్రవారం గుట్ట

గుట్ట కనవడితే లచ్చన్న కాళ్లు ఆగవు. ఉత్తగ ఎక్కుడే అయితే ఏదో పిచ్చి అనుకొని ఊకుందుము. ఈయన ఎక్కేదే జారెతందుకు. సైట్‌ల షట్టరింగ్ కార్పెంటర్ గదా, పారేసిన ప్లైవుడ్ ముక్కను నున్నగ చిత్రిక పట్టి, ముందర తాడు కట్టుకున్నడు. శుక్రవారం సెలవు రాంగనే దాన్ని భుజానేసుకొని మస్కట్‌ల మేముండే హమ్రియా ఎనుక గుట్టెక్కి, దాని మీద నిలవడి కంకర మీదికెల్లి సర్రున కిందికొస్తడు.

"ఫోన్ల చూస్తలేరా," అంటడు. "దొరలు మంచు మీద జారుతరు. వాళ్లకు దేవుడు మంచు ఇచ్చిండు, మనకు కంకరిచ్చిండు. కంకర ఏం పాపం చేసింది?"

"మంచు మెత్తగుంటది గదన్నా," అన్నడు ఒకసారి సంజీవ్.

"మెత్తగ కావాలంటే పరుపు మీద పండుకో. గుట్టకెందుకు?"

ఈ సంజీవ్ రూమ్‌ల అందరికన్న చిన్నోడు. పెండ్లైన నెలకే జగిత్యాల నుంచి మస్కట్ ఇమానమెక్కిండు. ఎనిమిది మంది రూమ్, మంచం మీద మంచం. పై మంచపోడు తుమ్మితే కింది మంచపోడు మూతి తుడుసుకోవాలె. అటువంటి సంసారం.

లచ్చన్న ఒక్కడే పోతే ఎవలకేం బాధ లేకుండె. రూమ్‌నంత తోలుకపోతడు. పండుకుందామంటే పండనియ్యడు, కూర వండుకుందామంటే పొయ్యి ముట్టియ్యనియ్యడు. పొయ్యేముందు తనిఖీ ఒకటి. అందర్ని వరసగ కూసోవెట్టి, కాళ్లు పట్టి చూసి, ఒక్కని పేరు కొట్టేస్తడు.

"ఖమరుద్దీన్ భాయ్, నీ మడమ ఈ వారం గుట్టకు పనికిరాదు. రూమ్‌లనే ఉండు."

ఖమరుద్దీన్ కడపాయన, రుసైల్ గోడౌన్ల ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతడు. "నా మడమకు ఏమైందప్పా? నిన్నంతా డ్యూటీ చేసినా గదా."

"నీకేం తెలుస్తది. గుట్టకు తెలుస్తది."

ఏ డాక్టరుకు దొరకని రోగాలు లచ్చన్నకు దొరుకుతుండె. ఒకని బొటనవేలుకు బద్ధకం, ఇంకొకని మోకాలికి పొగరు. మిగిలినోళ్లు ఆయన్ని తిట్టుకుంట ఎంట పోతుండిరి.

ఇట్ల నడుస్తుంటే కరోనా వచ్చింది. డ్యూటీ బంద్. హమ్రియా రోడ్లకు అడ్డం కట్టిన్రు. మొదటి శుక్రవారం లచ్చన్న మాస్క్ కట్టుకొని, ప్లైవుడ్ భుజానేసుకొని, సక్కగ పోలీసుల దగ్గరికే పోయిండు. వచ్చిన హిందీల, రాని అరబ్బీల వాదన వెట్టుకున్నడు. "సార్, దూరం దూరం ఉండుమంటున్నరు మీరే. ఆ గుట్ట మీద ఈగ గూడ లేదు. అంతకన్న దూరం యాడ దొరుకుతది?" పోలీసాయన నవ్వి, ప్లైవుడ్‌ను తట్టి చూసి, మర్యాదగ ఎనుకకు పంపిండు.

రూమ్‌కొచ్చి కిటికిలకెల్లి గుట్టను చూసుకుంట కూసున్నడు. అన్నం ముట్టలె. "ఇంత దగ్గరుండి అందకపోతే ఎట్లరా," అన్నడు. కండ్లల్ల నీళ్లు తిరిగినయి. జెరసేపటికి తుడుసుకొని లేచి బూట్లు కట్టుకున్నడు.

"గుట్టను బంద్ వెట్టిన్రు. శుక్రవారాన్ని బంద్ వెట్టుడు ఎవనితోని గాదు. లేవుండ్రి, డాబా ఎక్కుదాం."

ఇగ చూడుండ్రి. నెత్తికి సైట్ హెల్మెట్లు, చేతుల తిండి డబ్బాలు, బిల్డింగ్ మెట్లెక్కి నీళ్ల ట్యాంకుల నీడకు దూరం దూరం కూసొని తినుడు. లచ్చన్న గుట్ట దిక్కు వేలు చూపి, "ఉండు, నిన్ను ఇడిసిపెట్ట," అని బెదిరిచ్చుడు. మెట్లెక్కెతందుకు గూడ తనిఖీ తప్పకపాయె. వారానికొకని కాలు ఖరాబైతనే ఉండె. సంజీవ్ కాళ్ల మీద మాత్రం లచ్చన్న కన్ను ఇంకా పడలె.

ఆ పొల్లగాని బాధ వేరే ఉండె. డ్యూటీ ఉన్నప్పుడు సైట్‌ల ఏదో మూలకు నిలవడి భార్య సంధ్యతోని మాట్లాడుతుండె. ఇప్పుడు పొద్దంత ఏడుగురి నడుమ. ఆమె "తిన్నవా" అంటే "ఊఁ". "యాదికొస్తున్ననా" అంటే "ఆఁ". "అసలు నేనంటే నీకిష్టమేనా" అంటే, పక్క మంచపోడు తనవైపే చూస్తున్నడని, "చూద్దాం" అన్నడు.

ఏ ఆడిది ఊకుంటది? "వచ్చే శుక్రవారం నోరిప్పి మాట్లాడితే మాట్లాడు. లేకుంటే నేను తల్లిగారింటికి పోత, మల్ల నాకు ఫోన్ చెయ్యకు," అన్నది సంధ్య. సంజీవ్ ఎవ్వరికి చెప్పలె. వారం రోజులు ముఖం మాడ్చుకొని తిరిగిండు.

శుక్రవారం వచ్చింది. లచ్చన్న సంజీవ్ కాలు పట్టుకొని అటు తిప్పి, ఇటు తిప్పి, పక్కకు నూకిండు. "థూ, ఇదొక పాదమా? మెట్లు సిగ్గుపడ్తయి. రూమ్‌ల పడి ఉండు."

తలుపు దగ్గరికేసి అందరు పోయిన్రు. సంజీవ్ ఫోన్ కలిపిండు.

"పక్కపొంటి ఎవలెవలున్నరు?" సంధ్య మొదటి మాటే అది.

"ఎవ్వరు లేరు. గుట్టకు పోయిన్రు."

"లాక్‌డౌన్ల గుట్టేంది?"

"అది తర్వాత చెప్త. ముందుగాల నేనంటే ఇన్నొద్దులు..."

మొగడు పెండ్లాలు ఏం మాట్లాడుకుంటే మనకెందుకు. నడిమిట్ల తలుపవతల బూట్ల సప్పుడైంది. అప్పుడే వచ్చేసిన్రా అని సంజీవ్ ఫోన్‌కు చెయ్యి అడ్డం వెట్టిండు.

"వాచ్‌మన్ ఎహసాన్ డాబాకు తాళమేసినాడు గదప్పా," ఖమరుద్దీన్ గొంతు. "ఇంగ రూమ్‌కు పోదాం పా."

"తాళం డాబాకేసిండు, మెట్లకేసిండా?" లచ్చన్న. "దిగుండ్రి కిందికి. మల్ల ఎక్కుదాం."

"ఎన్నిసార్లు ఎక్కల్లప్పా? నాకు ఊపిరాడల్యా."

"మెల్లగ మాట్లాడు. పొల్లగాడు వారం సంది అన్నం కెలుకుతున్నడు. ఇంటామెతోని మనసిప్పి మాట్లాడనియ్యి. వాడు తలుపు తీసేదాంక మనం ఎక్కుడే."

బూట్ల సప్పుడు ఒక మెట్టు దిగి ఆగింది.

"అంటే, ఆ పొద్దు నా మడమ..."

"నీది గుర్రం మడమ. ఊర్ల మీ అక్క రషీదున్నీసకు ఆపరేషన్ అయితుండె ఆ దినం. పదిమంది ముందర ఏడ్వలేవని రూమ్‌ల ఇడిసిన."

దిగే బూట్ల సప్పుడు మొదలైంది. అందరికన్న ముందు ఖమరుద్దీన్‌వే.

"ఏమైంది, సప్పుడు జేస్తలేవు?" అన్నది ఫోన్ల సంధ్య. సంజీవ్ ఇన్నదంత చెప్పిండు. "ఇగ నేను యాడికి పోను గని, పాపం వాళ్లు అలిసిపోతరు, తలుపు తియ్యి," అన్నదామె.

తీసేసరికి అందరు మెట్ల మీద ఆడొకడు ఈడొకడు కూలవడ్డరు. లచ్చన్న ఒక్కడే నిలవడి ఉన్నడు.

"అన్నా, అందరి కాళ్లు ఖరాబ్ చేసినవు. మరి నీ వంతు ఎప్పుడు? నువ్వు గూడ ఒక శుక్రవారం రూమ్‌ల ఉండి కనకవ్వ వదినెతోని నిమ్మలంగ మాట్లాడరాదు?" అన్నడు సంజీవ్.

"రూమ్‌లనా? మా ఆమెతోనా?"

లచ్చన్న ఫోన్ తీసి భార్యకు కలిపిండు. చెవికి మూరెడు దూరం పట్టుకున్నడు. "ఓ సచ్చినోడా, పొద్దుగాల సంది ఏడ సచ్చినవు, తిన్నవా లేదా," అని కనకవ్వ అందుకున్నది. స్పీకరు పెట్టనే లేదు, అన్ని అంతస్తుల తలుపులు తెరుచుకున్నయి. కింది నుంచి ఎహసాన్ చెవులు మూసుకొని ఉరికొచ్చి, ఎవ్వరు అడగకముందే డాబా తాళం తీసిండు.

లచ్చన్న డాబా మీదికి పోయి, గుట్టకు ఎదురుంగ నిలవడి, ఫోన్ చెవికి ఆనిచ్చుకున్నడు.

"ఆఁ, ఇప్పుడు తిట్టవే. జాగ సరిపోతది."