అత్త చెప్పిన జవాబులు

నాకు కూర్చుని చదవడం చేతకాదు. ఇప్పటికీ అంతే. చేతిలో పుస్తకం ఉంటే కాళ్ళు వాటంతటవే నడుస్తాయి. అనకాపల్లిలో నర్సింగ్ చదివే రోజుల్లో మా హాస్టల్ డాబాకి ఒక చివర నీళ్ళ ట్యాంకు, ఇంకో చివర బట్టల తీగ ఉండేవి. ఆ రెంటి మధ్యా అటూ ఇటూ తిరుగుతూ ప్రశ్నలకి జవాబులు బట్టీ పట్టేదాన్ని. కింద గదిలోంచి వార్డెనమ్మ "ఎవర్తే పైన ఆ గుర్రం?" అని అరిచేది. అరిస్తే అరవనీ! నడక ఆగితే నాకు జవాబు కూడా ఆగిపోయేది.

ప్రశ్నలంటే మరేం లేదు, సీనియర్లు వదిలేసి వెళ్ళిన జిరాక్సు కాగితాలు. జిరాక్సుకి జిరాక్సు తీసీ తీసీ అక్షరాలు అలికేసినట్టు ఉండేవి. మాలో చాలామందిమి తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళం. అర్థం తెలిసినా తెలియకపోయినా ఇంగ్లీషు జవాబుని కామాతో సహా మింగేసేవాళ్ళం. వాటిలో నాకు బాగా వచ్చిన ప్రశ్న ఒకటుంది. పిండికట్టు వేసిన కాలిని ఎలా కనిపెట్టుకుని ఉండాలి? జవాబులో ఐదు సంగతులు. నొప్పి పెరుగుతోందా, వేళ్ళ రంగు పాలిపోయిందా, తిమ్మిరి ఎక్కుతోందా, కదలిక తగ్గిందా, నాడి అందుతోందా. కట్టు బిగుసుకుంటే లోపల కండకి రక్తం అందదు, ఆలస్యం చేస్తే కాలే పోతుంది. ఇంగ్లీషులో ఆ ఐదూ ఒకే అక్షరంతో మొదలవుతాయి కాబట్టి నిద్రలో లేపి అడిగినా చెప్పేసేదాన్ని.

అయినా మొదటిసారి ప్రాక్టికల్స్‌లో తప్పాను. అప్పుడు నాకిచ్చిన పేషెంటు ఒక ముసలాయన. నేనేం అడిగినా గోడవైపు తిరిగి పడుకున్నాడు తప్ప నోరు విప్పలేదు. ఆయన మాట్లాడకపోతే నేనేం రాయను? బయటనుంచి వచ్చిన ఎగ్జామినర్ మేడం ఎదురుగా బొమ్మలా నిలబడిపోయాను. ఇంటికెళ్తే బెల్లం మార్కెట్‌లో కాటా దగ్గర పనిచేసే నాన్న ఒక్క మాట అనలేదు. ఆయన అనకపోవడమే నాకు మంట. అమ్మ మాత్రం చర్చిలో నా పేరు చెప్పి ప్రార్థన చేయించింది. ఊరందరికీ తెలిసిపోయింది, థాంక్యూ అమ్మా! అన్నయ్య అచ్యుతాపురంలో ఏదో కంపెనీలో ప్యాకింగ్ పనికి మాట్లాడేసి ఉంచాడు. "ఇంకోసారి రాసుకో. అదీ పోతే బస్సెక్కీ. మన వీధి సివర్నే ఆగుతాది" అన్నాడు. తెల్లవారుజామున ఆ కంపెనీ బస్సు మా వీధి చివర హారన్ కొడితే దుప్పటి తలమీదికి లాక్కునేదాన్ని. ఆ పని తక్కువదని కాదు. నర్సునవుతానని నేను పదో తరగతినుంచీ అందరికీ చెప్పుకు తిరిగాను. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని ఆ బస్సెక్కను?

రెండోసారి పరీక్ష ఆషాఢంలో పడింది.

మా ఆసుపత్రి వార్డులో ఒక పద్ధతి ఉండేది. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. పరీక్షలకి ముందు అమ్మాయిలం సాయంత్రాలు వార్డులోకి వెళ్ళి పేషెంట్లని మంచి చేసుకునేవాళ్ళం. జడలు వేసేవాళ్ళం, ఫ్లాస్కులో టీ తెచ్చి ఇచ్చేవాళ్ళం. బదులుగా వాళ్ళ మీద ప్రశ్నలు ప్రాక్టీసు చేసుకునేవాళ్ళం. పరీక్షనాడు చీటీల్లో ఎవరు వచ్చినా ఆ మనిషి గోడవైపు తిరక్కుండా చక్కగా జవాబులు చెప్పాలి కదా! వారాల తరబడి మంచం మీద ఉన్నవాళ్ళకి మా ప్రశ్నలు మాకంటే బాగా వచ్చేసేవి.

అందరిలోకీ ఘటికురాలు గొలుగొండ వైపునుంచి వచ్చిన ఒక అత్త. చెరుకు బండి మీంచి దిగబోతూ జారి పడితే మోకాలి కింద ఎముక విరిగింది. నేను అత్తా అంటే చాలు, ఆవిడ నన్ను పిల్లా, నాన్నా, తల్లీ, ఏది నోటికొస్తే అది పిలిచేది. మొదటి సంవత్సరం పిల్లలు ప్రశ్న తడబడితే ఆవిడే అందించేది. "ముందు ఏళ్ళు కదపమనాల. తరవాత తిమ్మిరుందా అనడగాల. లేదు. రాసుకో." పిల్లలు పక్కున నవ్వేవాళ్ళు. అడగకముందే జవాబు, జవాబు వెనకాలే "రాసుకో". నేను మొదటిసారి తప్పానని కూడా ఎవరో ఆవిడ చెవిన వేశారు. "ఆ ముసిలోడికి నోరు పడిపోనాదేటి? నా మంచం నీకు రానీ, సెప్తాను" అంది.

పరీక్షనాడు పొద్దున్న చీటీ విప్పితే అత్త మంచమే వచ్చింది! గెంతేశాను. నా పక్కనున్న పిల్ల కుళ్ళుకుని మూతి తిప్పుకుంది.

ఎగ్జామినర్ మేడం రావడానికి ఇంకా టైముంది. ఆలోగా పేషెంటుకి చేయాల్సినవన్నీ చేసి, కాగితం మీద గడులు నింపి సిద్ధంగా ఉండాలి. చివరి గడిలో 'నొప్పి తగ్గిందని పేషెంటు చెప్పింది' అని రాయాలి. నిజం చెప్పొద్దూ, ఆ వాక్యం మేమందరం ముందురోజే రాసేసుకునేవాళ్ళం. బీపీ చూశాను, పక్క సర్దాను. ముందురోజు సాయంత్రం అత్త పాత కట్టు తీసేసి, ఎముక సరిచేసి కొత్తది వేశారు. నేను దుప్పటి తీసి కాలు చూశాను.

వేళ్ళు ఎర్రగా పండి ఉన్నాయి, గోళ్ళతో సహా. గోరింటాకు.

"ఏటత్తా ఇది?" అన్నాను.

"ఆసాడం కదే! రాత్రి మా కోడలు రుబ్బి తెచ్చింది. ఒక కాలికెట్టుకుని ఒక కాలు మానేత్తామేటి? ఎంత బాగా పండిందో సూడు!"

పండింది సరే. మా జవాబు ప్రకారం గోరు నొక్కి వదిలితే తెల్లబడి మళ్ళీ ఎర్రబడాలి. ఈ గోళ్ళు నొక్కితే ఎరుపు, వదిలితే ఎరుపు. గోరు పైన చర్మం చూద్దామన్నా పారాణిలా ఎరుపు అలుముకుని ఉంది. వేళ్ళు పట్టుకుని చూశాను, చల్లగా తగిలాయి. రెండో కాలి వేళ్ళు పట్టుకున్నాను. అవి వెచ్చగా ఉన్నాయి.

"ఈ కాలు సల్లగా ఉందేటత్తా?"

"గోరింటాకు సలవ కాదేటి? దీనికైతే తెల్లార్లూ ఉంచేను."

"రెండో కాలికీ పెట్టావు కదా?"

"అది ఆరిపోనాదని తొందరగా కడిగీసేను. నీకేటి అనుమానం? నొప్పి లేదు, తిమ్మిరి లేదు, ఏళ్ళు కదుల్తన్నాయి. రాసుకో!"

అంటూ వేళ్ళు కదపబోయింది. అవి కదిలాయో, నేను అలా అనుకున్నానో తెలియలేదు. ఆవిడ పైపెదవి మీద చెమట మాత్రం కనిపించింది. పైన ఫ్యాను తిరుగుతోంది, బయట చినుకులు పడుతున్నాయి. ఈ చల్లదనంలో చెమటేంటి?

నాకు కాళ్ళు నిలవలేదు. మంచం తలవైపుకీ కాళ్ళవైపుకీ నడిచాను. "కూకోవే, నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అంది అత్త. ఎలా కూర్చోను? కాగితం మీద ఉన్న ఐదింటిలో రంగు గోరింటాకు కింద, నాడి కట్టు కింద ఉండిపోయాయి, మిగతా మూడింటికీ మంచి జవాబులే వచ్చాయి. ఆ జవాబులు అత్తవా, నేను నేర్పినవా?

అప్పుడు తోచింది. కాగితంలో లేనిది. నేనే కనిపెట్టాను అనుకున్నాను అప్పట్లో, ఎంత గర్వమో!

"అత్తా, కళ్ళు ముయ్యి. నేను ఏ వేలు పట్టుకున్నానో సెప్పు."

"ఇదేటే కొత్త పెస్న? ఇది మనం సదవలేదు కదా!"

"ముయ్యీ అంటే ముయ్యి."

కళ్ళు మూసుకుంది. నేను చిటికెనవేలు పట్టుకున్నాను.

"బొటనేలు" అంది టక్కున.

ఈసారి ఏదీ పట్టుకోలేదు. చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాను. "ఇప్పుడు?"

"మజ్జేలు. సరేనా? రాసుకో."

వంగి ఆవిడ చెవి దగ్గర, "ఎప్పట్నుంచి తెలీడం లేదు?" అని అడిగాను. కోపంగానే అడిగాను. అత్త కళ్ళు తెరిచింది.

"తెల్లారగట్ల నుంచి. రాత్రంతా పేణం పోయిందనుకో. కోడలు సిస్టర్ని పిలుత్తానంటే నేనే వద్దన్నాను. అరుపులూ గోలా పెడితే నన్ను లోపలికి తీసుకెల్లిపోతారు. నీకు నా మంచం వత్తే ఎలాగా? పెద్ద మేడం వచ్చి ఎల్లిపోనీ తల్లీ, ఒక్క గంటేగా! తరవాత సెప్దాం."

నాకు ఏడవాలో కొట్టాలో తెలియలేదు. ఓరి దేవుడా, నేను పాసవ్వాలని ఈవిడ కాలు పణం పెట్టుకుని పడుకుంది! నేను మంచి మనిషినే గానీ, అబద్ధమెందుకు, ఒక్క క్షణం లెక్క వేశాను. ఇప్పుడు కేక వేస్తే అత్తని డ్రెస్సింగ్ రూముకి తీసుకుపోతారు. నాకు పేషెంటు ఉండదు. కాగితం మీద రాసినవన్నీ తప్పులైపోతాయి. మేడం వచ్చేసరికి ఖాళీ మంచం పక్కన నేను. ఇంక కంపెనీ బస్సే. వీధి చివర హారన్ నా చెవుల్లో మోగింది కూడా. ఒక్క గంట అంటోంది కదా...

ఒక్క గంట! ఆ ఐదో సంగతి, నాడి అందకపోవడం దాకా ఆగితే ఇంక అడగడానికి ఏం మిగులుతుంది?

"సిస్టర్!" అని అరిచాను. వార్డు మొత్తం తిరిగి చూసింది. అత్త నా చెయ్యి పట్టుకుని లాగింది. "ఊరుకోవే, ముండా! నీ బతుకు పాడైపోతాది" అంది. విదిలించుకుని పరిగెత్తాను. వార్డు సిస్టర్ "పరీక్ష రోజున ఈ గోలేంటి?" అని తిడుతూనే వచ్చింది. వేళ్ళు పట్టుకోగానే తిట్లు ఆపేసి డ్యూటీ డాక్టరుకి ఫోను చేసింది.

డ్రెస్సింగ్ రూములో కట్టుని రెండు పక్కలా మిషనుతో కోశారు. ఆ చప్పుడుకి అత్త నా భుజంలో మొహం దాచుకుంది. కట్టు విడిపోయాక కింద దూది కూడా కత్తిరించారు. కాలు పొంగిపోయి, చర్మం మెరుస్తోంది. "ఇంకాస్త ఆగి ఉంటే నేను చేసేదేం ఉండేది కాదు" అన్నాడు డాక్టరు, ఎవరివైపూ చూడకుండా.

అప్పుడే గుమ్మంలో ఎగ్జామినర్ మేడం కనిపించింది. వార్డులో ఖాళీ మంచం చూసి వెతుక్కుంటూ వచ్చినట్టుంది.

"నీ పేషెంటెవరు?"

"ఈవిడే మేడం."

"నువ్వు రాసింది చూపించు."

కాగితం ఇచ్చాను. చివరి గడి దగ్గర ఆవిడ వేలు ఆగింది. "నొప్పి తగ్గిందని పేషెంటు చెప్పింది అని రాశావు. ఇక్కడేమో కట్టు కోస్తున్నారు."

"అది నిన్ననే రాసుకున్నాను మేడం. అదంతా తప్పే. నన్ను పాసు చేయించాలని ఈవిడ నొప్పి లేదని చెప్పింది. మీరు ఫెయిల్ చేస్తే చేయండి" అన్నాను. చివరి మాట అనకుండా ఉండాల్సింది. నా నోరు అంతే.

మేడం అత్త దగ్గరికి వెళ్ళి వంగి, "ఇప్పుడు నొప్పి ఉందా అమ్మా?" అని అడిగింది.

కాల్లోకి రక్తం తిరిగి వస్తున్నట్టుంది, అత్త మొహం చెమటతో తడిసిపోయి, కింది పెదవి పళ్ళ మధ్య నలుగుతోంది. నావైపు తిరిగి, గొంతు తగ్గించి అడిగింది.

"ఏటి సెప్పమంతావే? ఉన్నాదంతే పాసవుతావా, లేదంతే పాసవుతావా?"

ఆవిడ మొహం మీద చెమట తుడిచాను. "నా పాసు గోల నీకెందుకత్తా! ఎలా ఉంటే అలా సెప్పు."

"అయితే సచ్చిపోతన్నానే తల్లో!" అని ఆవిడ పెట్టిన కేక వార్డు చివరి మంచం దాకా వినిపించిందని తర్వాత చెప్పారు. రాత్రినుంచీ దాచుకున్న కేక అది. మేడం నా కాగితం మీద ఏదో రాసుకుని, ఏ ప్రశ్నా అడక్కుండా వెళ్ళిపోయింది. ఏం రాసిందో రిజల్టు వచ్చేదాకా తెలియలేదు. అన్నాళ్ళూ ఆ డాబా మీద ఎంత తిరిగానో నా చెప్పులకి తెలుసు. పాసయ్యాను.

కానీ ఆ పొద్దున్న నాకు రిజల్టు సంగతే గుర్తుకు రాలేదు. అందరూ వెళ్ళాక అత్త కాళ్ళ దగ్గర నిలబడ్డాను.

"కళ్ళు ముయ్యి."

"మళ్ళీ ఏటే? పరీచ్చ అయిపోనాది కదా!"

"ముయ్యత్తా."

మూసుకుంది. నేను చిటికెనవేలు పట్టుకున్నాను. గోరింటాకు ఎర్రగా ఉంది, వేలు ఇంకా పూర్తిగా వెచ్చబడలేదు. అత్త ఈసారి టక్కున చెప్పలేదు. కనుబొమలు ముడిచి చాలాసేపు వెతుక్కుంది.

"సిటికినేలు" అంది. "వదులే, మంట!"

నేను వదల్లేదు.