గీతకు అవతల లేచిన కోళ్ళు

ఉత్తరాన చలిదేశంలో, కైనూ అడవుల్లోని వేటగాళ్ళ సంఘంలో హిల్కాకు ముక్కుసూటి మనిషని పేరు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటుందని వెనకాల నవ్వుకునేవాళ్ళు కూడా లెక్కకాగితం మాత్రం ఆమె చేతికే ఇచ్చేవారు.

ఏటా ఆగస్టులో ముగ్గురు వేటగాళ్ళు ఇరవై మీటర్ల ఎడంతో వరసగా, అడవిలో త్రికోణంగా గుర్తులు పెట్టిన దారి వెంట పన్నెండు కిలోమీటర్లు నడుస్తారు. ఆ దారికి రెండు పక్కలా ముప్పై మీటర్ల దూరాన్ని గీతగా పెట్టుకుని, ఆ లోపల లేచిన అడవికోళ్ళనే లెక్కలో రాస్తారు. ఆ లెక్కను బట్టే సంఘం తమ అడవిలో ఆ ఏడు వేట తెరవాలో మూయాలో తేల్చుకుంటుంది. తుపాకీ పట్టేవాళ్ళే లెక్కపెట్టాలన్నది అక్కడి పద్ధతి. తినేవాడికి గాదెలో ఎంతుందో తెలియాలి కదా.

మధ్యలో హిల్కా. కుడి పక్క పోస్ట్‌మన్ యౌని. ఎడమ పక్క ఔలిస్. డెబ్భై తొమ్మిదేళ్ళ ఔలిసే ఆమెకు తుపాకీ పట్టడం నేర్పాడు. గుండె చెడిపోయి, మరో శరత్తు చూడనని ఆ ఏడు తనే అందరికీ చెప్పుకుంటున్నాడు. పోయేలోగా ఒక్క మెత్సోను, ఆ నల్లటి పెద్ద అడవికోడిని, కొట్టాలని ఆయన ఆశ.

పదకొండు కిలోమీటర్లు నడిచినా ఒక్క రెక్క చప్పుడు లేదు. చివర్లో, గీతకు బాగా అవతల, బురదనేల అంచున ఒక పెట్టా ఐదు పిల్లలూ దడదడమని లేచాయి.

"చూశావుగా, ఆరు. రాసెయ్," అన్నాడు ఔలిస్.

"చూశాను. గీతకు అవతల లేచాయి."

"నాలుగడుగులు ఇటు లేచాయనుకో. పిట్టలకు నీ గీత కనబడుతుందా ఏంటి?"

"వాటికి కనబడదు. మనకి కనబడాలి."

"సున్నా వేస్తే వేట మూసేస్తారు. నాకిదే ఆఖరు, హిల్కా."

యౌని దోమలు తోలుకుంటూ అటు తిరిగి నిలబడ్డాడు. హిల్కా జేబులోంచి పెన్సిల్ తీసింది. ముప్పై ఏళ్ళ క్రితం మొదటిసారి కాగితం పట్టినప్పుడు, ఇలాగే అవతల లేచిన గుంపును ముచ్చటపడి రాసేసింది. వేట తెరిచారు. ఆ మూల ఉన్న పెట్టలన్నీ సంచుల్లోకి వెళ్ళాయి. తర్వాత ఏడేళ్ళు అక్కడ పిల్లల జాడ లేదు. తప్పు తనదేనని సంఘంలో అందరిముందూ కుండబద్దలు కొట్టినట్టు చెప్పిన మనిషి ఆమె.

"నీ కోసం ఏదైనా చేస్తాను, ఔలిస్. ఇది మాత్రం చెయ్యను," అని సున్నా వేసింది.

సంఘం ఆ ఏడు వేట మూసింది. ఔలిస్ మూయమని చెయ్యెత్తలేదు, అడ్డూ చెప్పలేదు. మార్చిలో పోయాడు.

అంత్యక్రియల తర్వాత కాఫీల దగ్గర ఆయన కూతురు కైసా వచ్చి హిల్కా ఎదురుగా కూర్చుంది.

"ఆ ఆరూ రాసుంటే నాన్న కోరిక తీరేది."

"తీరేది. నేనే తీరనివ్వలేదు." హిల్కా కళ్ళు తుడుచుకుంది. "మళ్ళీ అడిగినా సున్నాయే వేస్తాను, కైసా."

కైసా కాఫీలో చెంచా తిప్పింది.

"నాన్న నిన్ను బాగా తిట్టాడు. తిట్టి తిట్టి, 'అది రాయదు, అందుకే గదా కాగితం దానికిచ్చాం' అనేవాడు." చెంచా పక్కన పెట్టి అడిగింది. "ఆగస్టులో ఎడమ పక్క ఎవరు నడుస్తారు?"

"ఇంకా ఎవరూ లేరు."

"నా బూట్లలోకి నీళ్ళు దిగుతాయి."

"మీ నాన్నవి వేసుకో," అంది హిల్కా. "రెండు జతల మేజోళ్ళు తొడిగితే సరిపోతాయి."